సూది, గోలీ, మధ్యాహ్నపు అన్నం

అల్ ఖర్జ్‌లో ఒక పాల ఫారంలో నర్సుగా చేశానంటే మా తెనాలిలో అందరూ మొదట అడిగేది "ఆవులకా, మనుషులకా?" అని. ఎదుటివాడి మొహం చూసి జవాబు చెబుతాను. పెళ్లి పందిట్లో అయితే ఆవులకనే చెబుతాను, కథ బాగా సాగుతుంది. కొట్టంలో ఫ్యాన్లు చాలడం లేదని ఒక సీమావు తనంతట తనే మా క్లినిక్ మెట్లెక్కి వచ్చిందనీ, నేను దానికి బీపీ చూసి సర్దిచెప్పి పంపించాననీ చెబితే ఇప్పటిదాకా ఒక్కాయనే నమ్మలేదు. ఆయన పశువుల డాక్టరు.

కానీ ఇది నర్సింగ్ పాసై, వీసా కాగితాలు చేతబట్టుకుని, "అంకుల్, అక్కడ పనెలా ఉంటుంది?" అని మా ఇంటికొచ్చే పిల్లల కోసం రాస్తున్నది. అందుకని ఆవుని మెట్ల కిందే ఆపేశాను. జీతం, ఇకామా అనే అక్కడి పర్మిట్టు, టిక్కెట్టు సంగతులు మీ ఏజెంటు చెబుతాడు. కోతల్లో అతను నాకంటే రెండాకులు ఎక్కువే చదివి ఉంటాడు. నేను చెప్పేది షుగరు గురించి. నా ఉద్యోగంలో ముప్పాతిక వంతు అదే.

పోర్టా క్యాబిన్, ఇద్దరు డాక్టర్లు

గల్ఫ్ క్యాంపు క్లినిక్ అంటే యంత్రాల్లో వేళ్లు తెగినవాళ్లూ, తలలు పగిలినవాళ్లూ వస్తారనుకుని వెళ్లాను. వచ్చారు, కాదనను. కానీ రోజూ వచ్చేది నలభై దాటిన మనిషి, కాళ్లు మంటలంటాడు, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నానంటాడు. పగలంతా టీలు, రాత్రి డ్యూటీ దిగాక పళ్లెం నిండా అన్నం, తిన్న పావుగంటకి నిద్ర. జగిత్యాల వాళ్లూ, నిజామాబాద్ వాళ్లూ, పెషావర్ పఠాన్లూ, బంగ్లాదేశీలూ ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములు.

మా క్లినిక్ ఒక పోర్టా క్యాబిన్, అంటే రేకుల డబ్బా లాంటి గది. రెండు మంచాలు, ఒక ఫ్రిజ్, చల్లదనం కన్నా చప్పుడు ఎక్కువిచ్చే ఏసీ. డాక్టరు వారానికి మూడు రోజులొచ్చేవాడు. మిగతా రోజులు నేనే. వాళ్లంతా నన్ను "బ్రదర్ సాబ్" అనేవాళ్లు. తెలుగువాళ్లు "సారూ" అనేవాళ్లు.

నేను చేరినప్పుడున్న డాక్టరుకి ఒకటే వైద్యం. షుగరు పెరిగితే గోలీ పెంచడం. ఇంకా పెరిగితే ఇంకో గోలీ. పెంచడానికి చోటు లేకపోతే మనిషిని తిట్టడం. ఆయన చెడ్డవాడేం కాదు, ఎప్పుడూ తొందర్లో ఉండేవాడు. నా అనుభవంలో రోగికి చెడ్డ డాక్టరు వల్ల జరిగిన నష్టం కంటే తొందర డాక్టరు వల్ల జరిగిందే ఎక్కువ.

ఆయన వెళ్లాక వచ్చినాయన డాక్టర్ ఇద్రీస్, సూడాన్ మనిషి. ఎంత పొడుగంటే, తలుపు దగ్గర తల వంచకుండా లోపలికొచ్చినవాడు ఆయన కాదని మేం కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. ఈయనకి తొందర లేదు. రోగి కూర్చున్నాక కాసేపు ఏమీ అడిగేవాడు కాదు. ఆ మౌనానికి తట్టుకోలేక రోగే అన్నీ చెప్పేసేవాడు. ఇద్దరి దగ్గరా పని చేశాను కాబట్టి చెబుతున్నాను: నెమ్మదైన డాక్టరు దగ్గర పని చెయ్యండి. ఇంటికెళ్లడం ఆలస్యమవుతుంది, అంతే.

సూదంటే భయం చావు భయం కాదు

నితాఖత్ గురించి మీరు వినే ఉంటారు. కంపెనీలో సౌదీలు ఎంతమంది, బయటివాళ్లు ఎంతమంది అని చూసి కంపెనీలకి రంగులు వేశారు. ఎరుపు పడితే ఇకామాలు కొత్తవి కావు, ఆకుపచ్చ పడితే బతికిపోయినట్టు. ఆ తర్వాత లెవీలు వచ్చాయి. బయటివాడి తలకింత అని కంపెనీ నెలనెలా కట్టాలి. అప్పటినుంచీ ఆఫీసువాళ్లు మనుషుల్ని చూసే చూపు మారింది. ఈ తల ఉంచుకోవడం గిట్టుబాటవుతుందా అన్నట్టు చూసేవాళ్లు. వీసా రద్దు చేసి ఊరికి పంపెయ్యడాన్ని "ఎగ్జిట్" అంటారు, మా క్యాంపులో ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. "ఫలానా వాడు లేడు" అనేవాళ్లు.

ఆ రోజుల్లోనే గంగారాం షుగరు ఆగకుండా పెరిగింది. గంగారాంది జగిత్యాల పక్క పల్లె. మేత యార్డులో షవల్ నడిపేవాడు. షవల్ అంటే ముందు పెద్ద తొట్టి ఉండే లోడరు. ఎండుగడ్డీ, దాణా, మొక్కజొన్న పాతరగడ్డీ తొట్టితో ఎత్తి కలిపే బండిలో పోయాలి. వేల ఆవులకి కంచంలో కూడు కలిపేది అతనే అనుకోండి.

అప్పటికే రెండు రకాల గోలీలు, మెట్‌ఫార్మినూ గ్లిమిపిరైడూ, రెండూ నిండు మోతాదులో వాడుతున్నాడు. డాక్టర్ ఇద్రీస్ రక్తపరీక్ష కాగితం చూసి రాత్రిపూట ఇన్సులిన్ కలుపుదామన్నాడు. నేను తెలుగులో చెప్పాను. గంగారాం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సూది వద్దు సారూ. ఇంకో రెండు గోలీలు రాయుమను."

"గోలీలకి ఇంక చోటు లేదయ్యా. సూదికేం, చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"చీమకు నేను భయపడ్తనా? సూది పడ్డదంటే మిషన్ మీదికెళ్లి దింపుతరు. దింపినోన్ని ఉత్తగ కూసుండవెడ్తరా? లెవీ కట్టుకుంట?"

అదీ సంగతి. కాలేజీలో మాకు ఇన్సులిన్ భయం గురించి చెప్పినప్పుడు నొప్పి అన్నారు, అలవాటు పడిపోతామనే అపోహ అన్నారు. ఉద్యోగం సంగతి ఎవరూ చెప్పలేదు. కంపెనీలో నిబంధన కూడా అలాగే ఉండేది. ఇన్సులిన్ వాడే డ్రైవరు మిషన్ ఎక్కాలంటే ముందు షుగరు చూపించుకోవాలి. ఒక్కసారి మిషన్ మీద కళ్లు తిరిగినా దింపేస్తారు. దిగినవాడు ఎంతకాలం ఉంటాడో గంగారాం సరిగానే లెక్కేశాడు. ఊళ్లో ఇల్లు సగం గోడలు లేచి ఆగి ఉంది. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అతనికి షవలే అన్నీ.

"సరే, సూది వేసుకుంటే గోలీలు పారెయ్యొచ్చు గదా?" అన్నాడు బేరానికి దిగి.

ఇది అందరూ అడుగుతారు. అడక్కుండా చేసేవాళ్లూ ఉన్నారు. మా ప్లంబరొకాయన సూది మొదలైన రోజే గోలీలన్నీ చెత్తబుట్టలో వేసి, నెల తర్వాత షుగరు ఇంకా పెరిగిందని సూదిని తిట్టాడు. అందుకని గంగారాంకి అతని భాషలోనే చెప్పాను.

"నీ కడుపులో ఒక సైట్ నడుస్తోందనుకో. లివర్ అనేది గోదాము. అందులోంచి చక్కెర ఊరికే బయటికి పోకుండా తలుపు దగ్గర నిలబడ్డ కాపలావాడు మెట్‌ఫార్మిన్. వాడు మంచోడు, ఎవర్నీ కొట్టడు. పాంక్రియాస్ అనేది ముసలి కూలీ. ఆ కూలీ వెనక కర్ర పట్టుకుని 'చెయ్యి, చెయ్యి' అని తోలే మేస్త్రీ గ్లిమిపిరైడ్. ఇప్పుడు ముసలోడు అలిసిపోయాడు. ఎంత కొట్టినా పని కావట్లేదు. అందుకని బయట్నుంచి ఒక కూలీని తెస్తున్నాం. అది ఇన్సులిన్."

"బయట్నుంచి తెచ్చినోడా? మనసొంటోడే గద," అన్నాడు. "వానికి లెవీ ఎవలు కడ్తరు?"

మేమెందుకు నవ్వుతున్నామని డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆయనా నవ్వాడు. అలా సూది మొదలైంది. గదిలో వేసుకుంటే అందరికీ తెలుస్తుందని రాత్రి పడుకునే ముందు క్లినిక్‌కే వచ్చి పొట్ట మీద వేయించుకునేవాడు. ఎవరైనా అడిగితే బీపీ అనేవాడు. కొన్ని వారాలకి పొద్దుటి షుగరు దారికొచ్చింది. కాళ్ల మంటలు తగ్గాయి. రోజూ పొద్దున్నే వేలు పొడిపించుకుని, షుగరు చూపించి షవల్ ఎక్కేవాడు.

ఆ ఏడాది రంజాన్

రంజాన్ ఆ ఏడాది నడి వేసవిలో పడింది. అల్ ఖర్జ్ ఎండ గురించి నేను చెబితే నమ్మరు, అయినా చెబుతాను. మా గోడ మీది థర్మామీటరు మధ్యాహ్నానికి దానంతట అదే నీడలోకి జరిగేది.

డాక్టర్ ఇద్రీస్ రంజాన్‌కి వారం ముందే రోజా ఉండే షుగరు రోగుల్ని పిలిచి కూర్చోబెట్టాడు. పగలంతా తిండి ఉండదు కాబట్టి మేస్త్రీ గోలీ సాయంత్రం ఇఫ్తార్‌కి మార్చాలి, మోతాదు తగ్గించాలి, సూది తగ్గించాలి. ఎవరికి ఎంతో విడివిడిగా చెప్పాడు. షుగరు పడిపోతే రోజా విడవాలి, దేవుడేమీ అనుకోడు అని కూడా చెప్పాడు. అంత శ్రద్ధగా చేసిన డాక్టర్ని నేను మళ్లీ చూడలేదు. ఆ రాత్రి గంగారాం సూదికొస్తే అతన్నీ అడిగాం.

"రోజా ఉంటావా?"

"లేదు సారూ."

"అయితే నీ మందులు ఎప్పటిలాగే."

ఇక్కడ క్యాంపు బాస్ గౌస్ భాయ్ గురించి చెప్పాలి. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మెస్సు ఆయన చేతి కింద ఉండేది. అంతకుముందు ఏళ్లలో రంజాన్ నెలంతా మెస్సు వెనక గదిలో తలుపులు వేసి, రోజా లేనివాళ్లకి మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు. ఆ ఏడాది లెవీల దెబ్బకి వంటవాళ్లలో సగం మంది ఎగ్జిట్‌లో పోయారు. మిగిలినవాళ్లు రోజాలో ఉన్నారు. "పగలు పొయ్యి అంటించేటోడు లేడు. పొద్దున్నే పొట్లం కట్టి ఇస్త. ఎవరిది వాళ్లు చూసుకోండ్రి," అన్నాడు గౌస్ భాయ్. ఆయన దగ్గరా మనుషులు లేరు మరి.

ఈ రెండు సంగతులూ ఒకే క్యాంపులో, ఒకే వారంలో జరిగాయి. మెస్సులో అన్నం ఆగిందని క్లినిక్‌కి తెలియదు, నా వంట నాదే. క్లినిక్‌లో మందులు మార్చలేదని మెస్సుకి పట్టదు.

షవల్ ఆగింది

రంజాన్ మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం నవాజ్ ఖాన్ గంగారాంని భుజాన వేసుకుని క్లినిక్‌లోకి వచ్చాడు. నవాజ్ పఠాన్. గంగారాం షిఫ్టు దిగితే ఆ షవల్ ఎక్కేది అతనే, అందుకని కాస్త ముందే యార్డుకి వచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే గది. ఆ రోజు నవాజ్ రోజాలో ఉన్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"బ్రదర్ సాబ్, వీడు నాతో మీ భాషలో మాట్లాడుతున్నాడు," అన్నాడు హిందీలో. "ఇన్నేళ్లలో ఎప్పుడూ మాట్లాడలేదు. తొట్టి పైకెత్తి అలాగే గడ్డి మోపుల్లోకి పోనిచ్చాడు. నేను ఎక్కి తాళం లాగేసి బండి ఆపాను."

గంగారాం ఒళ్లంతా చెమట. ఆ ఎండలో చెమట పట్టని మనిషే ఉండడు కాబట్టి చెమట చూసి ఎవరూ ఏమీ అనుకోరు. ముట్టుకుంటే మాత్రం చల్లగా ఉంది. నవాజ్ షర్బత్ సీసా అందుకుని నోట్లో పొయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను. సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలు పొడిచి చూస్తే షుగరు నలభై దాటలేదు. నరంలో గ్లూకోజ్ ఎక్కించాను. కాసేపటికి కళ్లు నిలిచాయి. అదృష్టం కొద్దీ అది డాక్టరు ఉండే రోజు. ఆయన మంచం పక్కన నిలబడ్డాడు. నేను అడిగాను.

"గంగారాం, అన్నం తిన్నావా?"

"తిన్న సారూ."

"ఎప్పుడు?"

"రాత్రి."

"పొద్దున గోలీ వేసుకున్నావా?"

"ఎందుకేసుకోను? టయానికి ఏసుకున్న. చాయ్ల రెండు రస్కులు తిని."

"రోజా లేదన్నావు గదయ్యా మరి."

"రోజా లేదు సారూ. అన్నం లేదు."

డాక్టరుకి చెప్పాను. "అన్నం ఎందుకు లేదో అడుగు," అన్నాడు.

"మెస్సుల పొద్దుగాల పొట్లమే ఇస్తున్నరు. అది పదిగొట్టంగనే ఖరాబైతంది, ఆ షవల్ డబ్బల వేడికి. ఖరాబు గాకున్నా ఏడ తినాలె? షవల్ అంటే నాలుగు దిక్కుల అద్దాలు. ఎవడన్న ఫోటో తీసి ఆఫీసుకు పంపితే? రంజాన్ల బయట తినుడు ఈడ కేసు సారూ." కాస్త ఆగి, నవాజ్ వైపు తల తిప్పాడు. "ఇగ ఈన ఉన్నడు. నోట్ల చుక్క నీళ్లు లేకుంట పక్కన నిలవడ్తడు. ఈన ముంగట నేనెట్ల నములుత?"

తనను చూపించి ఏం చెబుతున్నాడని నవాజ్ అడిగాడు. చెప్పాను.

"బేవకూఫ్," అన్నాడు నవాజ్. "నీ ఎదురుగా నేను ఈద్‌కి గొర్రె మొత్తం తిన్నాను, నాకేమైనా సిగ్గేసిందా?"

పిల్లలకి ఇంకో పాఠం. షుగరు పైకొచ్చింది కదా అని మనిషిని గదికి పంపెయ్యకండి. ఇన్సులిన్ ఒక్కటే అయితే ఒక లెక్క. కర్ర పట్టుకున్న మేస్త్రీ గోలీ ఒంట్లో ఉన్నంతసేపూ కొడుతూనే ఉంటాడు, తిన్నావా లేదా అని చూడడు. గంగారాం లేచి కూర్చుని జోకులేసిన రెండు గంటలకి షుగరు మళ్లీ జారింది. ఆ రాత్రి క్లినిక్‌లోనే ఉంచాం, తినిపిస్తూ, చూస్తూ.

ఎండదెబ్బ అని రాస్తే

గౌస్ భాయ్ వార్త విని వచ్చాడు. "డాక్టర్ సాబ్, లూ లగ్ గయా అని రాసెయ్యండి. ఈ ఎండల్ల ఎవడు కాదంటడు? పాపం షవల్ ఉంటది వానికి."

ఆ సలహాలో మెస్సు సంగతి బయటపడకూడదన్న జాగ్రత్త ఉంది. దయ కూడా ఉంది, అది నేను కాదనను. గంగారాం మంచం మీదనుంచే రెండు చేతులూ జోడించాడు. "ఎండదెబ్బే సారూ. రాయుమనుండ్రి. షుగర్ అని రాస్తే నా పని ఖతం."

నిజం చెబుతున్నాను, నాకైతే రాసెయ్యచ్చనిపించింది. ఎండదెబ్బ తగిలిన డ్రైవరు రెండు రోజులు పడుకుని మూడో రోజు మిషన్ ఎక్కుతాడు. కాగితం మీద ఎవరికీ నష్టం లేదు.

డాక్టర్ ఇద్రీస్ కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. "అతనికి చెప్పు. ఎండ అని రాస్తే రేపూ ఇదే గోలీ, ఇదే సూది, ఇదే ఖాళీ కడుపు. ఈసారి ఆ తొట్టి గడ్డి మోపుల్లోకి పోతుందో, మనిషి మీదికి పోతుందో నాకు తెలియదు. గోలీ మార్చాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే అబద్ధం నిలవదు."

గంగారాం గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన షుగరు పడిపోయిందనే రాశాడు. మేస్త్రీ గోలీ పూర్తిగా ఆపేశాడు. కాపలావాణ్ణి ఉంచాడు, రెండు పూటలా తిండితోపాటు. రాత్రి సూది ఉంచాడు, మోతాదు కాస్త తగ్గించాడు. నాకు చెప్పిన మాట ఇది: "గోలీలకి సూది కలపడం ఎవరికైనా వస్తుంది. కలిపాక ఏది తీసెయ్యాలో చూడటమే పని."

నిబంధన ప్రకారం ఆఫీసు గంగారాంని షవల్ మీంచి దింపింది. పాల డ్రమ్ములు కడిగే పని ఇచ్చారు. ఆ వారం అతను నాతో మాట్లాడలేదు. సూదికొచ్చి, చొక్కా ఎత్తి, గోడకేసి చూసి, వెళ్లిపోయేవాడు. పొద్దున్నా మధ్యాహ్నం రాత్రీ షుగరు చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా పడలేదు. అయితే ఆ సంగతి అతనికి చెప్పినా మొహంలో మార్పు లేదు. క్యాంపులో వాళ్లు అప్పుడే "గంగన్న లేడు" అనడం మొదలుపెట్టారు, మనిషి ఎదురుగా డ్రమ్ము కడుగుతుండగానే.

ఆవులకి రోజా లేదు

ఆఫీసు లెక్కలో ఒక్కటే తప్పు ఉంది. లెవీలు మిగుల్చుకోవడానికి షవల్ డ్రైవర్లని అప్పటికే పంపించేసి ఇద్దర్నే ఉంచుకున్నారు. గంగారాంని దింపాక మిగిలింది నవాజ్. రోజా ఉండేవాడికి ఆరు గంటలకి మించి పని చెప్పకూడదు, అది అక్కడి చట్టం. మిగతా గంటలకి దాణా కలిపేవాడు లేడు. ట్రాక్టరు డ్రైవరొకణ్ణి ఎక్కిస్తే అతను దాణా షెడ్డు స్తంభాన్ని గుద్దాడు. ఆవులకి మేత వేళ తప్పింది. మేత తప్పితే ఆవు నాలాగా కథలు చెప్పదు, పాలు తగ్గిస్తుంది.

ఆఫీసునుంచి క్లినిక్‌కి ఫోనొచ్చింది. మేనేజరే మాట్లాడాడు. షవల్ డ్రైవరు షుగరు బాగానే ఉందని విన్నాను, ఫిట్ అని ఒక ముక్క రాసి పంపండి, రేపట్నుంచి ఎక్కిస్తాం అన్నాడు.

డాక్టర్ ఇద్రీస్ కలం తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. రాసింది చదివి, "డాక్టర్, ఇలా రాస్తే ఒప్పుకుంటారా?" అన్నాను.

"మందు రాశాను. మందుకి ఒప్పుకోవడమేముంది?" అన్నాడు.

ఆ కాగితంలో ఉన్నది ఇదీ: పగటి డ్యూటీలో మధ్యాహ్నం వండిన భోజనం కంపెనీ పెట్టినంతకాలం ఇతను షవల్ నడపడానికి ఫిట్. పెట్టని రోజు ఫిట్ కాదు. కింద సంతకం, ముద్ర.

మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. ఇది క్లినిక్ పనా, మెస్సు పనా అన్నాడు. డాక్టరు చాలా మర్యాదగా, తాను రోజాలో ఉన్నాననీ, ఎక్కువ మాట్లాడితే గొంతు ఎండుతోందనీ చెప్పి పెట్టేశాడు.

ఒక్క మనిషికి పొయ్యి అంటించడం కుదరదు కాబట్టి రోజా లేనివాళ్లందరికీ అంటించారు. రోజా ఉండలేని ముసలి వంటవాడొకణ్ణి పక్క క్యాంపునుంచి తెచ్చారు. మెస్సు వెనక గది తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం వేళకి గంగారాం తింటున్నాడో లేదో చూడమని డాక్టరు నన్ను పంపాడు. గదినిండా మనవాళ్లు, నేపాలీలు, చప్పుడు చెయ్యకుండా తింటున్నారు. గంగారాం షవల్ తాళం పళ్లెం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

గౌస్ భాయ్ చెంచాతో అన్నం కొడుతూ, "తిను రాజా, తిను. నీ ఒక్కని షుగర్‌కు నా మెస్సు మొత్తం దావతైంది," అన్నాడు.

గంగారాం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. వారం తర్వాత నా వైపు మొదటిసారి చూశాడు.

"సారూ," అన్నాడు, "పప్పుల ఉప్పు తక్కువైంది. డాక్టర్‌కు చెప్పి అది గుడ రాయించుండ్రి."